రాట్నమెక్కి చూసిన గణితం: సమకాలిక యంత్రాలపై పార్క్ వ్యాసం - ఒక విమర్శ

హైదరాబాదు నగరానికి తూర్పున దిల్‌సుఖ్‌నగర్ అనే పేట ఉన్నది. పోటీ పరీక్షలకు తర్ఫీదునిచ్చే సంస్థలకు ఆ పేట ప్రసిద్ధి. సాయంకాలం వేళ అక్కడి కాలిబాటపై నడిచేవారికి భుజాన సంచులు వేసుకున్న విద్యార్థులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు యంత్రాల ముందు నిలబడిన వరుసలు కనబడతాయి. ఆ దుకాణాలలో కొద్ది రూపాయలకు "సూత్రాల కాగితం" ఒకటి దొరుకుతుంది. విద్యుత్ ఇంజనీరింగు అంతటినీ నాలుగు పుటలలోకి కుదించిన కాగితమది. డిప్లొమా ముగించి ఈసెట్ పరీక్షకు కూర్చునేవారు, విద్యుత్ సంస్థలలో ఉద్యోగాలకు ప్రయత్నించేవారు దానిని కంఠస్థం చేస్తారు.

ఈ వ్యాసకర్త చూచిన అట్టి కాగితమొకదానిలో సమకాలిక యంత్రాలకు, అనగా సింక్రొనస్ యంత్రాలకు, దక్కిన స్థలం ఆరు వరుసలు. వాటిలో మొదటిది ఇది:

శక్తి = (ఇ × వి ÷ ఎక్స్) × సైన్ డెల్టా

ఇక్కడ "ఇ" అంటే రోటరులోని అయస్కాంతం వల్ల యంత్రంలో పుట్టే వోల్టేజి. "వి" అంటే యంత్రం కలిసి ఉన్న విద్యుత్ వలయపు వోల్టేజి. "ఎక్స్" అంటే యంత్రపు తీగచుట్టల రియాక్టెన్స్, అనగా ఏకాంతర విద్యుత్ప్రవాహాన్ని అవి అడ్డగించే కొలత. "డెల్టా" అంటే ఆ రెండు వోల్టేజిల మధ్య కోణం. యంత్రంపై భారం పెరిగినకొద్దీ అదీ పెరుగుతుంది.

ఇది కంఠస్థం చేసిన విద్యార్థిని ఒక చిన్న ప్రశ్న అడిగి చూడండి. "రోటరుకు ఇచ్చే విద్యుత్ప్రవాహాన్ని పూర్తిగా ఆపివేస్తే ఈ యంత్రం ఎంత శక్తిని ఇవ్వగలదు?" ప్రవాహం లేకపోతే అయస్కాంతం లేదు, అయస్కాంతం లేకపోతే "ఇ" సున్న, కాబట్టి శక్తీ సున్న అని వెంటనే సమాధానం వస్తుంది. సూత్రం ప్రకారం ఆ సమాధానంలో తప్పు లేదు. కాని మన కృష్ణానదిపై తిరిగే జలవిద్యుత్ యంత్రాల విషయంలో అది తప్పు. ఆ తప్పు విద్యార్థిది కాదు. సూత్రం ఏ యంత్రానికి వర్తిస్తుందో, ఎక్కడ నిలబడి చూస్తే అది పుట్టిందో ఆ కాగితం చెప్పలేదు.

ఈ ప్రశ్నకు సమగ్రమైన గణితాన్ని 1929 లో రాబర్ట్ పార్క్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక వ్యాసంలో ఇచ్చాడు. ఆ వ్యాసం గొప్పతనం ఏమిటి, దానిలో లోపాలేమిటి, దాని సారం మన విద్యార్థులకు ఎందుకు అందలేదు అన్నవి పరిశీలించడం ఇక్కడ మన ఉద్దేశం.

యంత్రాన్ని ముందుగా చూద్దాం

దిల్‌సుఖ్‌నగర్ నుండి తూర్పుగా పోతే చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్.బి.నగర్ వస్తుంది. అక్కడ సాగర్ రింగురోడ్డు అనే కూడలి ఉన్నది. ఆ పేరు ఊరకే వచ్చినది కాదు. నాగార్జునసాగర్ పోయే దారి ఆ వైపునుండే సాగుతుంది. హైదరాబాదు నుండి సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, 1955 డిసెంబరు 10 న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట పాదం వద్ద, విద్యుత్కేంద్రం ఉన్నది. అందులో 110 మెగావాట్ల సాధారణ యంత్రం ఒకటి, 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడు, మొత్తం 815.6 మెగావాట్లు. ఆ ఏడింటినీ రెండు విధాలుగానూ పనిచేసేటట్లు నిర్మించారు. నీరు కిందికి దిగేటప్పుడు అవి జనరేటర్లు. అవసరమైతే అవే మోటార్లుగా తిరిగి నీటిని పైకి తోడగలవు.

సమకాలిక యంత్రంలో రెండు భాగాలు. బయట కదలకుండా ఉండేది స్టేటరు. దానిలో 120 డిగ్రీల ఎడంగా మూడు తీగచుట్టలు ఉంటాయి. లోపల తిరిగేది రోటరు. దానిపై అయస్కాంత ధ్రువాలుంటాయి. రోటరు వేగానికీ, పుట్టే విద్యుత్తు పౌనఃపున్యానికీ విడదీయరాని సంబంధమున్నది. మన దేశంలో పౌనఃపున్యం సెకనుకు 50 ఆవృత్తాలు. కాబట్టి 6000 ను ధ్రువాల సంఖ్యతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. రెండు ధ్రువాలున్న యంత్రం 3000 చుట్లు, నలభై ధ్రువాలున్నది 150 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టు ఎక్కువా కాదు, తక్కువా కాదు. "సమకాలిక" అన్న పేరుకు అర్థమదే.

దక్షిణ భారత విద్యుత్ వలయం 2013 డిసెంబరు 31 న రాయచూరు-షోలాపూరు మార్గం ద్వారా దేశంలోని మిగిలిన వలయంతో సమకాలికంగా కలిసింది. అప్పటినుండి వలయానికి కలిసి నడుస్తున్నప్పుడు సాగర్‌లోని రోటరూ, హిమాలయపు లోయలోని రోటరూ ఒకే లయకు తిరగవలసినవే. ఆ లయ తప్పితే ఏమవుతుందో ముందుగా లెక్క కట్టాలంటే ఒక్కొక్క యంత్రానికీ సరియైన గణితం కావాలి. కాబట్టి ఇది పరీక్షలో రెండు మార్కుల విషయం మాత్రమే కాదు.

రోటర్లు రెండు ఆకారాలలో ఉంటాయి. రామగుండంలోని 500 మెగావాట్ల యంత్రాల వంటి ఆవిరి యంత్రాలు 3000 చుట్లు తిరుగుతాయి. అంత వేగాన్ని తట్టుకోవాలంటే రోటరు నున్నని ఇనుప స్తంభంలాగా, ఏ దిక్కున చూచినా ఒకటిగా ఉండాలి. జలవిద్యుత్ యంత్రం నెమ్మదిగా తిరుగుతుంది. దానికి ధ్రువాలు ఎక్కువ; అవి బండిచక్రపు అంచున దిమ్మెలు బిగించినట్లు బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి. దిమ్మె ఉన్నచోట స్టేటరుకూ రోటరుకూ మధ్య గాలి సందు ఇరుకు. దిమ్మెకూ దిమ్మెకూ నడుమ ఆ సందు వెడల్పు. మన కథ అంతా ఈ ఇరుకు వెడల్పుల లోనే ఉన్నది.

చిక్కు ఎక్కడ?

అయస్కాంత రేఖలకు ఇనుము సులువైన దారి, గాలి కష్టమైన దారి. స్టేటరులోని ఒక తీగచుట్ట ఎదుట ఇప్పుడు దిమ్మె వచ్చిందనుకుందాం. ఆ చుట్ట ప్రేరకత్వం పెరుగుతుంది. మరుక్షణం దిమ్మె జరిగి సందు ఎదుటికి వస్తే ప్రేరకత్వం తగ్గుతుంది. రోటరు తిరుగుతున్నంతసేపూ ఇట్లా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. రెండు చుట్టల మధ్య ఉండే పరస్పర ప్రేరకత్వమూ అట్లాగే మారుతుంది.

ఉన్నత పాఠశాలలో మనం నేర్చే సమీకరణాలలో గుణకాలు స్థిరసంఖ్యలు. "3య + 4 = 19" అన్న సమీకరణంలో 3 ఎప్పుడూ 3 గానే ఉంటుంది. ఆ 3 క్షణక్షణమూ మారుతూ ఉంటే లెక్క ఎట్లా చేయాలి? స్టేటరు పక్కన నిలబడి యంత్రాన్ని చూచిన గణితవేత్తకు సరిగా ఈ చిక్కే ఎదురైంది. అవకలన సమీకరణాలు రాయవచ్చును. కాని వాటి గుణకాలే కాలంతోపాటు మారుతుంటాయి. కంప్యూటర్లు లేని ఆ కాలంలో అట్టి సమీకరణాలను సాధించడం మహా కష్టం.

రాట్నమెక్కడం

ఎల్.బి.నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా 2018 సెప్టెంబరు 24 నుండి మెట్రో రైలు నడుస్తున్నది. దాని వంతెన రోడ్డు వెంబడే సాగుతుంది. కింద స్కూటరుపై వెనుక కూర్చున్న మనిషి పైన పోయే రైలును చూస్తున్నాడనుకోండి. రెండింటి వేగమూ ఒకటయితే, అతని కంటికి రైలు కిటికీ ఉన్నచోటనే నిలిచిపోయినట్లుంటుంది. కాలిబాటపై నిలబడిన వానికి మాత్రం రైలు పరుగెడుతూనే ఉంటుంది. రైలులో మార్పు లేదు. చూచేవాని స్థానంలోనే మార్పు ఉన్నది.

తిరిగేవాటి విషయంలో ఇదే సంగతి తెలుసుకోవాలంటే తిరునాళ్ళలోని రంగులరాట్నాన్ని తలచుకోండి. కింద నిలబడిన తండ్రికి గుర్రాలన్నీ గిరగిర తిరుగుతుంటాయి. గుర్రమెక్కిన పిల్లవానికి ఎదుటి గుర్రం కదలదు. చుట్టూ ఉన్న లోకమే తిరుగుతుంది. స్టేటరు కింద నిలబడిన తండ్రి వంటిది. రోటరు రాట్నమెక్కిన పిల్లవాని వంటిది. యంత్రంలో పుట్టే అయస్కాంత క్షేత్రం కూడ రోటరు వేగంతోనే తిరుగుతుంది గనుక, రోటరు మీద కూర్చుని చూస్తే ఆ క్షేత్రం నిలకడగా కనబడుతుంది. దిమ్మె ఎప్పుడూ ముందే ఉంటుంది, సందు ఎప్పుడూ పక్కనే ఉంటుంది. మారే గుణకాలు మాయమై స్థిరసంఖ్యలు మిగులుతాయి.

దిమ్మె వెంబడి ఉన్న దిక్కును ప్రత్యక్షాక్షమని, దానికి విద్యుత్కోణంలో 90 డిగ్రీల ఎడంగా, సందు వెంబడి ఉన్న దిక్కును లంబాక్షమని అందాం. ఈ రెండు దిక్కులను విడివిడిగా లెక్కించాలన్న భావం పార్క్‌ది కాదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంద్రే బ్లాండెల్ 1899 లోనే దానికి పునాది వేశాడు. 1920 దశకంలో డోహర్టీ, నికిల్ అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు దానిని విస్తరించారు. పార్క్ తన వ్యాసం ఆరంభంలోనే ఈ పూర్వుల ఋణాన్ని చెప్పుకున్నాడు. ఆయన చేసినది ఏమంటే, నిలకడ స్థితికే కాక, భారం హఠాత్తుగా మారినప్పటి సంచలన స్థితికి కూడ పనికివచ్చే సామాన్య పద్ధతిని నిర్మించడం. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ, అమెరికా విద్యుత్ ఇంజనీర్ల సంస్థ పత్రికలో ఈ వ్యాసాన్ని ప్రచురించేనాటికి ఆయనకు ముప్పది ఏళ్ళు నిండలేదు. రెండవ భాగం 1933 లో వచ్చింది.

చేతితో చేసి చూడదగిన లెక్క

ఈ మార్పు ఎంత సులువో కొసైన్ తెలిసిన పదవ తరగతి విద్యార్థి కూడ చూడగలడు. మూడు చుట్టలలో ప్రవహించే విద్యుత్తు గరిష్ఠంగా 10 ఆంపియర్లు అనుకుందాం. ఒకదానికొకటి 120 డిగ్రీలు వెనుకగా నడుస్తాయి. ఒక్కొక్క ప్రవాహాన్నీ దాని చుట్ట దిక్కుగా గీసిన బాణంగా భావించండి. ఆ బాణపు నీడ రోటరు ప్రత్యక్షాక్షం మీద ఎంత పడుతుందో కొలవండి. మూడు నీడలనూ కూడి, మూడింట రెండు వంతులు తీసుకోండి.

రోటరు 0 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు ప్రవాహాలు 10, -5, -5. నీడలు 10, 2.5, 2.5. మొత్తం 15. అందులో మూడింట రెండు వంతులు 10.

రోటరు 30 డిగ్రీలకు వచ్చినప్పుడు ప్రవాహాలు 8.66, 0, -8.66. నీడలు 7.5, 0, 7.5. మొత్తం 15. జవాబు మళ్ళీ 10.

60 డిగ్రీల వద్ద ప్రవాహాలు 5, 5, -10. నీడలు 2.5, 2.5, 10. మొత్తం 15. జవాబు 10.

కింద నిలబడి చూచినప్పుడు 10 నుండి 5 కు, 8.66 నుండి సున్నకు ఎగిరి దూకుతున్న మూడు సంఖ్యలు, రాట్నమెక్కి చూస్తే 10 అనే ఒకే సంఖ్యగా స్థిరపడినవి. ఈ ఉదాహరణలో లంబాక్షం మీది నీడల మొత్తం ప్రతిసారీ సున్న. పార్క్ పరివర్తన అనే పేరు విని భయపడే ఇంజనీరింగు విద్యార్థులెందరో ఉన్నారు. దాని సారం ఈ నీడల కూడిక మాత్రమే. మూడు ప్రవాహాలనూ కూడి మూడుతో భాగించే మరొక రాశి కూడ ఆ పద్ధతిలో ఉన్నది. మూడూ సమతూకంగా ఉన్నప్పుడు అది సున్న అవుతుంది.

వ్యాసంలోని గుణాలు

పార్క్ వ్యాసంలో మెచ్చుకోదగిన మొదటి గుణం నిజాయితీ. ఆయన తాను వేటిని విడిచిపెడుతున్నాడో ముందుగానే చెబుతాడు. ఇనుము అయస్కాంతత్వంతో నిండి సంతృప్తి చెందడాన్ని లెక్కలోకి తీసుకోనని, చుట్టలు సైన్ రేఖ ననుసరించి అమరినట్లు భావిస్తానని స్పష్టం చేస్తాడు. సూత్రానికి ముందు షరతులు చెప్పడమన్నది శాస్త్ర రచనకు మొదటి మర్యాద. మన సూత్రాల కాగితంలో లేనిది సరిగా ఇదే.

రెండవ గుణం వ్యాప్తి. దిమ్మెలున్న యంత్రానికొక సిద్ధాంతం, నున్నని యంత్రానికొక సిద్ధాంతం అవసరం లేదు. రెండు అక్షాల రియాక్టెన్సులూ సమానమైతే నున్నని యంత్రం దానంతట అదే వస్తుంది. జనరేటరుకూ మోటారుకూ, నిలకడకూ సంచలనానికీ ఒకే సమీకరణాలు. గడచిన శతాబ్దంలో విద్యుచ్ఛక్తి రంగాన్ని ఎక్కువగా ప్రభావితం చేసిన వ్యాసాలేవని 2000 సంవత్సరంలో ఆచార్యులు చేసిన ఒక పరిశీలనలో ఈ వ్యాసానికి రెండవ స్థానం లభించింది. మొదటిది 1918 నాటి ఫోర్టెస్క్యూ వ్యాసం.

వ్యాసంలోని లోపాలు

గొప్ప వ్యాసం గనుక దోషాలు చెప్పరాదని లేదు. మొదటిది, అది తోటి ఇంజనీర్ల కోసం రాసినది. హెవిసైడ్ క్రియాకలన పద్ధతి పాఠకునికి ముందే తెలిసి ఉంటుందని అనుకుని సాగుతుంది. కొత్తవాడు ఆ గుర్తుల అడవిలో పడితే, "రోటరు మీద కూర్చుని చూస్తున్నాము" అన్న ఒక్క మాట అతనికి చేతికందదు. ఈ దోషం పార్క్‌ది అనడంకంటె, ఆయన తరువాత వచ్చిన పాఠ్యపుస్తక రచయితలదనడం న్యాయం. పరిశోధకుడు తోటివారికి రాయవచ్చును. పాఠం చెప్పేవాడు మాత్రం ఆ కొరతను పూరించాలి. అట్లా పూరించడానికి బదులు చాలామంది ఆ పట్టికను యథాతథంగా ఎత్తి రాసి, "ఈ విధంగా నిర్వచింతుము" అని ముగించారు.

రెండవది, మూడింట రెండు వంతులన్న గుణకం. నీడలు కూడితే 15 వస్తుంది. చుట్టలోని గరిష్ఠ ప్రవాహం 10 కనుక దానితో సరిపోవాలని ఆ గుణకం వేశాడు. సంఖ్య అందంగా వచ్చింది. కాని శక్తిని లెక్కించేటప్పుడు చిక్కు వస్తుంది. గరిష్ఠ వోల్టేజి 10, గరిష్ఠ ప్రవాహం 10, రెండూ ఏకదశలో ఉన్నవనుకోండి. మూడు చుట్టలలో కలిసి వచ్చే శక్తి 150 వాట్లు. పార్క్ అక్షాలలో 10 ని 10 తో గుణిస్తే వచ్చేది 100. మిగిలిన 50 వాట్లు ఎక్కడికి పోయినవి? ఎక్కడికీ పోలేదు, చివర ఒకటిన్నరతో గుణించాలని గుర్తుంచుకోవాలి. అంతేకాక, రోటరు చుట్ట స్టేటరును ప్రభావితం చేసే కొలతా, స్టేటరు రోటరును ప్రభావితం చేసే కొలతా ఈ పద్ధతిలో సమానంగా కనబడవు. తరువాతివారు దీనిని సరిదిద్దడానికి మూడింట రెండుకు వర్గమూలాన్ని గుణకంగా వాడారు. ఇప్పుడు కొన్ని పుస్తకాలలో అది, కొన్నింటిలో ఇది. లంబాక్షాన్ని కొందరు ముందు పెడతారు, కొందరు వెనుక పెడతారు. ఒక పుస్తకం నుండి సమీకరణాన్ని, మరొక పుస్తకం నుండి గుణకాన్ని తీసుకున్న విద్యార్థికి జవాబు తప్పక తీరదు.

మూడవది, సంతృప్తిని విడిచిపెట్టడం. ఇనుములో అయస్కాంతత్వం ఒక హద్దు దాటితే మరింత ప్రవాహం పంపినా దామాషాగా పెరగదు. నిజమైన యంత్రాలు ఆ హద్దుకు సమీపంలోనే పనిచేస్తాయి. కాబట్టి లెక్కకూ కొలతకూ తేడా వస్తుంది. పార్క్ ఆ సంగతి దాచలేదు. కాని ఆయన సమీకరణాలను వాడేవారు ఆ షరతును మరచిపోవడం పరిపాటి అయింది.

తిరిగి సూత్రాల కాగితానికి

పార్క్ పద్ధతిలో లెక్కిస్తే, దిమ్మెలున్న యంత్రపు శక్తికి రెండు భాగాలు వస్తాయి. మొదటిది కాగితంలో ఉన్నదే. అందులోని "ఎక్స్" ప్రత్యక్షాక్షపు రియాక్టెన్స్. రెండవది ఇది: వోల్టేజి వర్గంలో సగాన్ని, రెండు అక్షాల రియాక్టెన్సుల విలోమాల తేడాతో గుణించి, తిరిగి సైన్ రెండు డెల్టాతో గుణించాలి. ఈ రెండవ భాగంలో "ఇ" లేనే లేదు. అదే మన ప్రశ్నకు సమాధానం.

సులువైన సంఖ్యలతో చూద్దాం. యంత్రపు పూర్తి సామర్థ్యాన్ని 1 గా తీసుకున్న కొలతలో "వి" 1, "ఇ" 1.5, ప్రత్యక్షాక్షపు రియాక్టెన్స్ 1, లంబాక్షపు రియాక్టెన్స్ 0.6 అనుకుందాం. డెల్టా 30 డిగ్రీలైతే మొదటి భాగం 0.75. రెండవ భాగం 0.289. మొత్తం 1.039. కాగితాన్ని నమ్మినవాడు 0.75 అంటాడు, అసలు శక్తిలో నాలుగవ వంతుకు పైగా అతని లెక్కలోనికి రాలేదు. గరిష్ఠ శక్తి 90 డిగ్రీల వద్ద వస్తుందని అతడంటాడు. నిజానికి అది 70 డిగ్రీల వద్దనే వస్తుంది. భారం మెల్లగా పెంచుకుంటూ పోతే, ఆ కోణం దాటిన యంత్రం లయ తప్పుతుంది. 80 డిగ్రీల వద్ద ఇంకా పది డిగ్రీల వెసులుబాటు ఉన్నదని కాగితం ధైర్యం చెబుతుంది. యంత్రం అప్పటికే హద్దు దాటి ఉంటుంది.

ఇక "ఇ" సున్న అయితే? మొదటి భాగం పోతుంది. రెండవ భాగం మాత్రం 45 డిగ్రీల వద్ద 0.333 వరకు ఉంటుంది. అనగా అయస్కాంతం ఆరిపోయినా ఈ యంత్రం తన సామర్థ్యంలో మూడవ వంతు వరకు లయ తప్పకుండా మోయగలదు. వాడుకలో యంత్రాలను అట్లా నడపరు. రోటరు ప్రవాహం పోతే రక్షణ పరికరాలు యంత్రాన్ని వలయం నుండి విడదీస్తాయి. కాని ఆ శక్తి ఉన్నదన్నది నిజం. అది ఎక్కడినుండి వచ్చిందో ఇనుప మేకు చెబుతుంది. మేకు అయస్కాంతం కాదు. అయినా దానిని దారంతో వేలాడదీసి దగ్గరగా అయస్కాంతాన్ని తిప్పితే, మేకు పొడవు వెంట క్షేత్రం వచ్చేటట్లు అదీ తిరుగుతుంది. దిమ్మెలున్న రోటరు పెద్ద ఇనుప మేకు. నున్నని రోటరు గుండు వంటిది. గుండుకు పొడవూ అడ్డమూ లేవు గనుక ఆ లాగుడు దానికి లేదు. అందుచేత ఆ కాగితంలోని సూత్రం రామగుండానికి దాదాపు చెల్లుతుంది, నాగార్జునసాగర్‌కు చెల్లదు.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఇదంతా ఉన్నత పాఠశాల స్థాయికి మించినదని కొందరు అనవచ్చును. సమీకరణాలు మించినవే, భావం మించినది కాదు. తరగతిలో ముగ్గురు విద్యార్థులను 120 డిగ్రీల ఎడంగా నిలబెట్టి, పలకలపై పైన చెప్పిన ప్రవాహాలను రాయించండి. నడుమ ఒకడు చేయి చాచి 30 డిగ్రీల చొప్పున తిరగాలి. ప్రతి అడుగుకూ పలకల సంఖ్యలు మార్చి, నీడలు లెక్కించి, కూడించండి. ప్రతిసారీ 15 వస్తుంటే పిల్లలు దానంతట అదే "ఎందుకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టిన పిల్లవానికి తరువాత సూత్రం ఇచ్చినా నష్టం లేదు. ఆ ప్రశ్న పుట్టకముందే సూత్రం ఇస్తే, పరీక్ష గడిచిన మరునాడు దానిని మరచిపోతాడు.

పరీక్షకు వేగం కావాలి, కాగితం వేగాన్ని ఇస్తుంది అన్న వాదం ఉన్నది. దానిని పూర్తిగా కాదనలేము. దూరపు ఊళ్ళనుండి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరుకు గదులలో ఉండి, ఉద్యోగం కోసం చదివే యువకునికి కాలం విలువ తెలుసు. అతనిని నిందించడం న్యాయం కాదు. కాని ఆ కాగితంలోనే సూత్రం పక్కన "నున్నని రోటరుకు మాత్రమే" అన్న మూడు మాటలు చేర్చడానికి ఎంత సిరా అవుతుంది? ఆ మూడు మాటలు లేకపోవడం వల్ల, రేపు ఉద్యోగంలో చేరి జలవిద్యుత్ యంత్రం ముందు నిలబడిన ఇంజనీరు హద్దును తప్పుగా లెక్కించే అవకాశమున్నది.

పార్క్ భావం పెద్ద యంత్రాలకే పరిమితం కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డుపై శబ్దం లేకుండా పోయే విద్యుత్ స్కూటర్లలో చాలావాటిలో ఉన్నది శాశ్వతాయస్కాంత సమకాలిక మోటారే. దాని నియంత్రణ పెట్టెలోని చిన్న కంప్యూటరు సెకనుకు వేలసార్లు చుట్టల ప్రవాహాలను కొలిచి, నీడలు కూడి, రోటరు మీద కూర్చుని చూచి, మళ్ళీ కిందికి దిగి ఆజ్ఞలిస్తుంది. మనం పైన చేతితో మూడుసార్లు చేసిన లెక్కనే అది విసుగు లేకుండా చేస్తున్నది. మెట్రో వంతెన కింద ఆ స్కూటరుపై తర్ఫీదుకు పోయే విద్యార్థి, తన సంచిలోని కాగితంలో లేని పాఠం మీదనే కూర్చుని ప్రయాణం చేస్తున్నాడు.